ఒక్క మెతుకు చాలదు: గుండె వైద్యాన్ని లెక్కలతో మార్చిన సలీం యూసుఫ్

భీమవరంలో, పాలకొల్లులో, అమలాపురంలో, ఎక్కడైనా సరే, గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న మనిషి ఉన్న ఇంట్లో ఒక ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, రామిప్రిల్, మెటోప్రొలాల్. పొద్దున రెండు, రాత్రి మూడు. ఇంట్లో వాళ్ళకి ఆ పేర్లు నోరు తిరగవు. రక్తం పల్చబడే బిళ్ళ, కొవ్వు బిళ్ళ, బీపీ బిళ్ళ అని గుర్తుపెట్టుకుంటారు. డాక్టరు గారు రాశారు కాబట్టి వేసుకుంటారు. మరి ఇవి పనిచేస్తాయని ఆ డాక్టరు గారికి ఎవరు చెప్పారు?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఆ డబ్బాలోని సగానికి పైగా మందుల దగ్గర ఒకే మనిషి పేరు తగులుతుంది. సలీం యూసుఫ్. 1952లో కేరళలోని కొట్టారక్కరలో పుట్టారు. బెంగుళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో చదివి, 1976లో రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. 1984లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో చేరారు. 1992లో కెనడాలోని హామిల్టన్‌కు, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి మారి అక్కడే స్థిరపడ్డారు. 2014లో వైద్య పరిశోధనకు ఇచ్చే గార్డ్‌నర్ పురస్కారం అందుకున్నారు. ఆ తర్వాత వరల్డ్ హార్ట్ ఫెడరేషన్‌కు అధ్యక్షుడయ్యారు. ఈ పదవుల సంగతి ఇంతటితో చాలు. ఆయన చేసిన పని అర్థం కావాలంటే వేరే దారిలో వెళ్ళాలి.

గోదావరి జిల్లాల వాళ్ళకి వైద్య పరిశోధన అనగానే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. గుండెతో సహా ప్రతి కండరానికీ శక్తినిచ్చే ఏటీపీని గుర్తించిన తొలి శాస్త్రవేత్తల్లో ఆయనొకరు. మన డెల్టాను పీడించిన బోదకాలుకు మందు డీఈసీ కూడా ఆయన నాయకత్వంలోని బృందం నుంచే వచ్చింది. ఆయనది కొత్త పదార్థాన్ని కనిపెట్టే పరిశోధన. యూసుఫ్ కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఉన్న మందు నిజంగా మనిషిని బతికిస్తోందా లేదా అని తేల్చడం ఆయన పని. వినడానికి రెండో పని తేలిగ్గా అనిపిస్తుంది. అది ఎంత కష్టమో చూద్దాం.

చిన్న తేడా, పెద్ద గుంపు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. వంటింట్లో అది నిజం, ఎందుకంటే గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో, ఒకే సెగ మీద ఉడుకుతాయి. మనుషులు అలా ఉడకరు. గుండెపోటు వచ్చిన వందమందిలో ఒకాయనకు నలభై, ఇంకొకాయనకు ఎనభై. ఒకరికి షుగరుంది, ఒకరికి లేదు. ఒకరు అరగంటలో ఆసుపత్రికి చేరారు, ఒకరు తెల్లారాక వచ్చారు. ఏ మందూ ఇవ్వకపోయినా వీళ్ళలో చాలామంది బతుకుతారు, ఎంత మంచి మందు ఇచ్చినా కొందరు పోతారు. అలాంటప్పుడు "ఫలానా ఇంజెక్షన్ చేశాను, మనిషి లేచి కూర్చున్నాడు" అని ఒక డాక్టరు చెబితే అందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ అది రుజువు కాదు.

ఇక అంకెల దగ్గరికి వద్దాం. గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చిన ప్రతి వందమందిలో 12 మంది నెలరోజుల్లో చనిపోతున్నారనుకోండి. ఒక మందు వల్ల ఆ 12 కాస్తా 9కి తగ్గుతుంది. వందకు ముగ్గురు బతికారంటే అది చాలా మంచి మందు. కానీ వందమందికి మందిచ్చి, వందమందికి ఇవ్వకుండా చూస్తే ఆ ముగ్గురి తేడా కనబడుతుందా? ఇటు 9 రావచ్చు, 13 కూడా రావచ్చు. అటు 12 రావచ్చు, 8 కూడా రావచ్చు. అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాటే మందు వల్ల వచ్చే తేడా కంటే పెద్దది. 1970లలో గుండె వైద్యం చిక్కుకుపోయింది ఇక్కడే. గుండె రక్తనాళాన్ని మూసేసే రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ అప్పటికే ఉంది. దాని మీద చిన్న చిన్న ప్రయోగాలు ఎన్నో జరిగాయి. ఒకటి పనిచేస్తుందనేది, ఇంకొకటి లేదనేది. డాక్టర్లు ఎవరికి నచ్చింది వాళ్ళు నమ్మారు. ఎక్కువమంది వాడటం మానేశారు.

ఆక్స్‌ఫర్డ్‌లో యూసుఫ్‌కు దొరికిన తోడు అలాంటిలాంటిది కాదు. గుండె డాక్టరు పీటర్ స్లైట్, గణాంక శాస్త్రవేత్త రిచర్డ్ పీటో, యువ పరిశోధకుడు రోరీ కాలిన్స్. వీళ్ళు కలిసి రెండు పనులు చేశారు. మొదటిది, అప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడెక్కడో జరిగిన చిన్న ప్రయోగాలన్నిటినీ ఒకచోట చేర్చి కలిపి లెక్కగట్టడం. ఇప్పుడు మెటా అనాలిసిస్ పేరుతో ప్రతి పత్రికలోనూ కనిపించే పద్ధతి గుండె వైద్యంలో గట్టిగా పాతుకున్నది ఈ బృందం చేతుల్లోనే. విడివిడిగా చూస్తే ఏమీ తేల్చని స్ట్రెప్టోకైనేజ్ ప్రయోగాలను కలిపి చూసేసరికి మరణాలు సుమారు ఐదో వంతు తగ్గుతున్నాయని బయటపడింది. కళ్ళ ముందే ఉన్న మందును ఏళ్ళ తరబడి పక్కన పెట్టేశారన్న మాట.

రెండో పనికి ధైర్యం కావాలి. ఒకే ప్రయోగంలో వేలమందిని చేర్చాలి. అలా చేర్చాలంటే ప్రయోగం అతి సులువుగా ఉండాలి. యూసుఫ్, కాలిన్స్, పీటో 1984లో రాసిన వ్యాసంలో వాదించింది ఇదే. అప్పట్లో ప్రయోగమంటే రోగి గురించి లెక్కలేనన్ని పేజీలు నింపాలి, వారం వారం పరీక్షలు చేయాలి. పని భారంతో సతమతమయ్యే ఆసుపత్రి అందులో ఎందుకు చేరుతుంది? అందుకే ఆ కాగితాల బరువంతా వీళ్ళు తీసేశారు. రోగి గుండెపోటుతో వచ్చాడు, డాక్టరు ఆక్స్‌ఫర్డ్‌కు ఫోన్ చేస్తాడు, అవతలి వాళ్ళు రెండు మూడు వివరాలడిగి ఏ పొట్లం ఇవ్వాలో చెబుతారు. పొట్లంలో అసలు మందుందో ఉత్తుత్తి మందుందో డాక్టరుకీ తెలియదు, రోగికీ తెలియదు. ఆ నిర్ణయం నాణెం ఎగరేసినట్టే. చివరికి రోగి బతికాడా పోయాడా అన్నది రాస్తే చాలు.

ఈ ఎవరికీ తెలియకపోవడం దగ్గరే చాలామందికి అనుమానం వస్తుంది. "మనుషుల మీద లాటరీ వేస్తారా?" అంటారు. డాక్టరే ఎంచుకుంటే తెలిసో తెలియకో కాస్త గట్టిగా ఉన్న రోగికి కొత్త మందు ఇస్తాడు, నీరసంగా ఉన్నవాడికి భయపడి ఇవ్వడు. ఆ తర్వాత కొత్త మందు వాళ్ళు ఎక్కువమంది బతికితే ఆ గొప్ప మందుదా, రోగి ఒంటిదా? లాటరీ వేస్తే రెండు గుంపుల్లోనూ ముసలివాళ్ళు, షుగరున్నవాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఇంచుమించు సమానంగా పడతారు. చివరకు తేడా వస్తే దానికి మందు తప్ప వేరే కారణం మిగలదు.

ఈ పద్ధతిలో ఐసిస్ అనే పేరుతో వరస ప్రయోగాలు మొదలయ్యాయి. మొదటిదాంట్లో 16,027 మంది రోగులు, అందులో ఉత్తుత్తి మందు మాత్రం వాడలేదు. ఫలితాలు 1986లో వచ్చాయి. రెండోది 1988లో వచ్చింది, దానితో ప్రపంచమంతటా గుండెపోటు వైద్యం మారిపోయింది. 16 దేశాలు, 417 ఆసుపత్రులు, 17,187 మంది. ఇది నడిచేనాటికి యూసుఫ్ అమెరికా వెళ్ళిపోయారు గానీ, దీనికి పునాది వేసినవాళ్ళలో ఆయనొకరు. ఆస్పిరిన్ ఇచ్చిన 8,587 మందిలో ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బుతో పోయినవాళ్ళు 804. ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చిన 8,600 మందిలో 1,016. అంటే వందకు 9.4, 11.8. ఇందాక మనం అనుకున్న చిన్న తేడాయే ఇది. వందమందిలో కనబడని తేడా పదిహేడు వేలమందిలో చూసేసరికి ఎవరూ కాదనలేనిదైంది. ఆస్పిరిన్‌తో పాటు స్ట్రెప్టోకైనేజ్ కూడా ఇస్తే మరణాలు 8 శాతానికి దిగాయి. రెండూ ఇవ్వనివారిలో 13.2.

ఈ ప్రయోగం గురించి ఇంకో ముచ్చట చెప్పాలి. జాతకాలు చూసుకునే మన నేల మీద ఇది తప్పకుండా తెలియాల్సిన సంగతి. వ్యాసం అచ్చుకు వెళ్ళే ముందు పత్రికవాళ్ళు ఒక మాట అడిగారు: ఏ వయసు వాళ్ళకి, ఏ రకం రోగులకి ఆస్పిరిన్ ఎక్కువ పనిచేసిందో విడగొట్టి చూపించండి అని. అలా ముక్కలు చేస్తే తప్పుడు అర్థాలు పుడతాయని పరిశోధకులకు తెలుసు. అది ఋజువు చేయడానికి రోగులను రాశుల వారీగా విడగొట్టి చూపించారు. మిథున రాశి, తులా రాశి వాళ్ళకి ఆస్పిరిన్ వల్ల కాస్త కీడే జరిగినట్టు అంకెలు వచ్చాయి. మిగతా రాశుల వాళ్ళకి మరణాలు 28 శాతం తగ్గాయి! రాశిని బట్టి ఆస్పిరిన్ పనిచేయదని అందరికీ తెలుసు. పెద్ద గుంపును చిన్న ముక్కలు చేస్తే మళ్ళీ అదృష్టం రాజ్యమేలుతుంది, అంతే. "ఈ మందు మా కులంవాళ్ళకి పడదు", "మా ఊరి నీళ్ళకి ఇది పనిచేయదు" లాంటి మాటలు విన్నప్పుడల్లా నాకు ఈ రాశుల లెక్కే గుర్తొస్తుంది.

ఆ తర్వాతి ప్రయోగాలను గబగబా చెప్పుకోవచ్చు, పద్ధతి అదే కాబట్టి. 1991లో వచ్చిన సాల్వ్‌డ్ ప్రయోగం గుండె బలహీనపడినవాళ్ళలో ఎనలాప్రిల్ అనే మందు మరణాలను 16 శాతం తగ్గిస్తుందని చూపింది. 2000లో వచ్చిన హోప్ ప్రయోగంలో 9,297 మంది మీద రామిప్రిల్ గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలను కలిపి 22 శాతం తగ్గించింది. 2001లో క్యూర్ ప్రయోగం రక్తం పల్చబడే క్లోపిడోగ్రెల్ పనిచేస్తుందని నిలబెట్టింది. అయితే నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపించేవి "పనిచేయదు" అని తేల్చినవి. డిజిటాలిస్ మొక్క నుంచి వచ్చే మందును విలియం విదరింగ్ 1785లో లోకానికి పరిచయం చేశాడు. దాదాపు రెండు వందల ఏళ్ళు డాక్టర్లు దాన్ని వాడారు. 1997లో 6,800 మంది మీద పరీక్షించి చూస్తే ఆ మొక్క మందు డిగాక్సిన్ వల్ల ఆసుపత్రిలో చేరడం తగ్గింది గానీ మరణాలు తగ్గలేదని తేలింది. విటమిన్ ఈ గుండెకు మంచిదని బిళ్ళలు తెగ అమ్ముడుపోతున్న రోజుల్లో హోప్ ప్రయోగమే దాన్నీ పరీక్షించింది. గుండెకు ఏ మేలూ లేదంది. మందుల షాపులో విటమిన్ ఈ క్యాప్సూల్ ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

డెల్టాలో ఎవరు పోతున్నారు, ఎందుకు పోతున్నారు

ఇంతవరకూ జరిగింది ఎక్కువగా ధనిక దేశాల ఆసుపత్రుల కథ. 1990ల తర్వాత యూసుఫ్ చూపు ఆసుపత్రి గేటు దాటి బయటికొచ్చింది. అసలు గుండెపోటు ఎందుకొస్తోంది, మన దేశాల్లో కారణాలు వేరా?

52 దేశాల్లో, సుమారు 15,000 మంది గుండెపోటు రోగులనూ, దాదాపు అంతేమంది గుండెపోటు రానివాళ్ళనూ పోల్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. పొగాకు, రక్తంలో చెడు కొవ్వులు, బీపీ, షుగరు, బొజ్జ, మానసిక ఒత్తిడి, పళ్ళు కూరగాయలు తక్కువ తినడం, ఒళ్ళు కదపకపోవడం, మద్యం అలవాటుకు సంబంధించిన అంశం కలిపి మొత్తం తొమ్మిది విషయాలు. మగవాళ్ళలో గుండెపోటు ముప్పులో 90 శాతం, ఆడవాళ్ళలో 94 శాతం ఈ తొమ్మిదితోనే లెక్క సరిపోయింది. ఏ ఖండంలో చూసినా ఇంచుమించు ఇవే. "మా వంశంలోనే ఉందండీ", "నుదుట అలా రాసి ఉంది" అనే మాటలకు మిగిలిన చోటు చాలా చిన్నది. మనవాళ్ళు "టెన్షన్ వల్ల వచ్చింది" అంటే డాక్టర్లు కొట్టిపారేసేవాళ్ళు. టెన్షన్‌కూ గట్టి వాటా ఉందని ఇదే అధ్యయనం చెప్పింది. లంక పొగాకు చుట్టకు అలవాటుపడ్డ పెద్దలకు కూడా ఒక మాట ఉంది ఇందులో: సిగరెట్టే కాదు, బీడీ, నమిలే పొగాకుతో సహా అన్ని రూపాలూ గుండెకు చేటే.

అన్నిటికంటే కలవరపెట్టేది ఇంకొకటి. దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53. మిగతా ప్రపంచంలో అది 59కి దగ్గర. మనకు ఆరేళ్ళు ముందే వస్తోంది. కారణాలు అవే తొమ్మిది, కాకపోతే మనల్ని చిన్న వయసులోనే పట్టుకుంటున్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన గోదావరి జిల్లాల్లో ఒక లెక్క తీశారు. ఇది యూసుఫ్ బృందం పని కాదు. ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, ఇక్కడి బైర్రాజు ఫౌండేషన్ తదితరులు కలిసి చేశారు. 2003-04లో 45 ఊళ్ళు, సుమారు 1,80,000 జనాభా. పల్లెటూళ్ళలో చావులు ఎక్కువగా ఇళ్ళలోనే జరుగుతాయి, కారణం రాసే డాక్టరుండడు. అందుకని ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ఇంటికి వెళ్ళి కూర్చుని అడిగేవారు: ఛాతీలో నొప్పి వచ్చిందా, ఎడమ చేతికి పాకిందా, చెమటలు పట్టాయా, మూతి వంకర పోయిందా, జ్వరం ఎన్నాళ్ళుంది. ఆ సమాధానాలను డాక్టర్లు చదివి కారణం తేల్చేవారు. 1,354 మరణాలను ఇలా పరిశీలిస్తే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాల వాటా 12 శాతం దగ్గరుంది. పల్లె అంటే కలరా, మలేరియా, క్షయ అనుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కట్టుకున్నాం. ఆ కేంద్రాల చుట్టూ జనం గుండెపోటుతో, పక్షవాతంతో పోతున్నారు.

యూసుఫ్ నడిపించిన ప్యూర్ అధ్యయనం దీనికి రెండో ముఖం చూపించింది. చాలా దేశాల్లో ఊళ్ళనూ, పట్నాలనూ ఎంచుకుని లక్షన్నర మందిని ఏళ్ళ తరబడి గమనించే పని అది, మన దేశం కూడా అందులో ఉంది. 2014లో వచ్చిన ఫలితం మొదట చదివితే తప్పు అచ్చయిందేమో అనిపిస్తుంది. బీపీ, కొవ్వు, పొగ లాంటి ముప్పు కారణాలన్నీ కలిపి లెక్కేస్తే ధనిక దేశాల వాళ్ళకే ఎక్కువ. పేద దేశాల వాళ్ళకి తక్కువ. కానీ గుండె జబ్బుతో చనిపోయేవాళ్ళు పేద దేశాల్లోనే ఎక్కువ.

అదెలా? జవాబులో పెద్ద భాగం 2011లోనే వచ్చింది. గుండెపోటో, పక్షవాతమో ఒకసారి వచ్చి బతికిన మనుషులు ఇంటి దగ్గర ఏ మందులు వాడుతున్నారో ప్యూర్ బృందం చూసింది. ఆస్పిరిన్, బీపీ మందులు, కొవ్వు మందు లాంటి రుజువైన మందుల్లో ఒక్కటి కూడా వాడనివాళ్ళు ధనిక దేశాల్లో 11 శాతం. పేద దేశాల్లో 80 శాతం. ఒకసారి గుండెపోటు వచ్చిన ఐదుగురిలో నలుగురి ఇంట్లో ఆ డబ్బాయే లేదన్న మాట.

ఎందుకు లేదో డెల్టాలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే చాలు. చీటీలో నెలకు రాసి ఉంటుంది, "పదికి ఇవ్వండి" అంటారు. షాపతను కత్తెరతో షీటు కత్తిరించి ఇస్తాడు. కత్తిరించిన ముక్క మీద పేరు సగమే ఉంటుంది, తేదీ పోతుంది. ఆ పది అయ్యేసరికి నొప్పీ ఉండదు, ఆయాసమూ ఉండదు. తగ్గిపోయిందిగా అనుకుంటారు. ఊడ్పుల కాలం వస్తుంది, చేతిలో డబ్బులు నాట్లకే చాలవు. బీపీ బిళ్ళ మానేస్తే ఒంట్లో ఏమీ తెలియదు కాబట్టి మానేయడం కూడా తెలియకుండానే జరిగిపోతుంది. తప్పు మనిషిది అని తేల్చేయడం సులువు, కానీ ఐదుగురిలో నలుగురు చేసేదాన్ని ఒక్కొక్కరి నిర్లక్ష్యం అనలేం. అది వ్యవస్థలో ఉన్న లోటు.

ఆలస్యం మాటా అంతే. యూసుఫ్ పాలుపంచుకున్న క్రియేట్ అనే అధ్యయనం మన దేశంలో 89 ఆసుపత్రుల్లో 20,468 మంది రోగులను చూసింది, 2008లో ప్రచురించారు. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. ఆరు గంటలు. అంటే సగంమందికి అంతకంటే ఎక్కువే పట్టింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లో ఎంత త్వరగా పడితే అంత కండరం మిగులుతుంది. మన దగ్గర ఆ ఆరు గంటలూ ఎటు పోతాయంటే, గ్యాస్ అనుకుని సోడా తాగడంలో కొంత, తెలిసిన ఆర్‌ఎంపీ దగ్గర కొంత, బండి దొరకడంలో కొంత. సఖినేటిపల్లి రేవులోలా పంటు ఎక్కి గోదావరి దాటాల్సిన చోట రాత్రిపూట చుట్టు తిరిగి వెళ్ళడంలో ఇంకొంత. ఈ అధ్యయనంలోనే పేదవాళ్ళలో నెలలోపు మరణాలు 8.2 శాతం, ఉన్నవాళ్ళలో 5.5 శాతం. అందిన వైద్యంలో తేడాను లెక్కలోంచి తీసేస్తే ఆ అంతరం చాలావరకు పోయింది. జబ్బు ఒక్కటే, చికిత్స ఒక్కటి కాదు.

అన్నం మీద, ఉప్పు మీద గొడవ

ప్యూర్ అధ్యయనం యూసుఫ్‌కు మెచ్చుకోళ్ళతో పాటు గట్టి విమర్శలూ తెచ్చింది. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే లాటరీ వేసి చేసే ప్రయోగానికీ దీనికీ చాలా తేడా ఉంది. ప్యూర్‌లో ఎవరికీ ఏమీ ఇవ్వరు, జనం తమకు తోచింది తింటారు, పరిశోధకులు రాసుకుంటారు.

2017లో ఈ అధ్యయనం పిండి పదార్థాలు బాగా ఎక్కువ తినేవారిలో మరణాలు ఎక్కువని చెప్పింది. 2020లో తెల్లన్నం, షుగరు గురించి వచ్చిన ఫలితం మనకు నేరుగా తగులుతుంది. రోజుకు 450 గ్రాములు, అంటే సుమారు మూడు కప్పులు, అంతకు మించి అన్నం తినేవారికి, 150 గ్రాముల లోపు తినేవారితో పోలిస్తే షుగరు వచ్చే అవకాశం మొత్తం మీద 20 శాతం ఎక్కువ. దక్షిణాసియాలో 61 శాతం ఎక్కువ. దక్షిణాసియాలో అన్నం తిండి మధ్యస్థమే రోజుకు 630 గ్రాములు. దేశమంతా పండించే స్వర్ణ వరి మన మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టింది, అన్నం మీద పెరిగిన నేల ఇది. మూడు పూటలా అన్నం తినే డెల్టా ఈ అంకెలను పట్టించుకోకుండా ఉండలేదు.

అలాగని అన్నం విషం అనడమూ తప్పే. ఎక్కువ అన్నం తినేవాళ్ళెవరు? పప్పు, గుడ్డు, చేప, కూర కొనే స్తోమత లేక ఇంత పచ్చడితో రెండు పళ్ళేలు తినేవాళ్ళు. హాని అన్నానిదా, పళ్ళెంలో లేని కూరదా? పరిశోధకులు ఆదాయం, చదువు లాంటివి లెక్కలో సర్దుతారు గానీ పూర్తిగా సర్దడం సాధ్యం కాదు. నా మట్టుకు అన్నం తగ్గించి ఆ ఖాళీలో కూరా పప్పూ పెట్టమనే సలహాకు ఈ రుజువు సరిపోతుంది, అన్నం మానేయమనడానికి చాలదు. తిన్నదంతా పొలంపని చేసి ఖర్చుపెట్టిన తరానికీ, బండి మీద తిరిగే తరానికీ ఒకే కొలత ఎలాగూ కుదరదు.

ఉప్పు దగ్గర గొడవ ఇంకా ముదిరింది. రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ప్యూర్ బృందం 2014లో సుమారు 7.5 నుంచి 15 గ్రాముల మధ్య తినేవారిలోనే ముప్పు తక్కువగా ఉందనీ, మరీ తక్కువ తిన్నా మంచిది కాదేమోననీ రాసింది. విమర్శకులు ఉప్పు కొలిచిన తీరునే తప్పుబట్టారు: రోజు మొత్తం మూత్రం కాకుండా ఒక్కసారి తీసిన మూత్రం నుంచి అంచనా కట్టారు, పైగా జబ్బుతో తిండి తగ్గినవాళ్ళు తక్కువ ఉప్పు గుంపులో పడి ఉంటారు అని. యూసుఫ్ వెనక్కి తగ్గలేదు. నాకు విమర్శకుల వాదనే బలంగా కనిపిస్తుంది. ఆ మాటకొస్తే యూసుఫ్ తన తొలి ఇరవై ఏళ్ళలో నేర్పిన పాఠం ప్రకారమే చూడాలి: లాటరీ వేసిన ప్రయోగం ఏమంటోంది? 2021లో చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21,000 మంది మీద చేశారు. సగం ఊళ్ళకు సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. ఆవకాయ, ఎండుచేప, అప్పడం, మజ్జిగ మిరపకాయ లేకుండా భోజనం పూర్తికాని జిల్లాల్లో, అందులోనూ బీపీ ఉన్నవాళ్ళు ఎంత ఉప్పైనా ఫరవాలేదని ఆ 2014 వ్యాసం చూసి అనుకోకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం పొటాషియం ఉప్పు జోలికి డాక్టరును అడక్కుండా వెళ్ళొద్దు.

అన్నీ ఒకే బిళ్ళలో

రోజూ నాలుగైదు బిళ్ళలు వేసుకోలేకపోతున్నారు కదా, అన్నీ కలిపి ఒకే బిళ్ళ చేస్తే? ఆస్పిరిన్, కొవ్వు మందు, రెండు రకాల బీపీ మందులు కలిస్తే ముప్పు నాలుగింట మూడొంతులు తగ్గవచ్చని యూసుఫ్ 2002లోనే లెక్కగట్టారు. మరుసటి ఏడాది ఇంగ్లండులో వాల్డ్, లా అనే ఇద్దరు దీనికి పాలీపిల్ అని పేరు పెట్టారు. ఆ బిళ్ళకు మన దేశంతో బంధం గట్టిది. యూసుఫ్ చదివిన సెయింట్ జాన్స్‌లోని డాక్టర్లతో కలిసి చేసిన తొలి ప్రయోగం మన దేశంలో 50 కేంద్రాల్లో జరిగింది, ఫలితం 2009లో వచ్చింది. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తయారు చేసిన ఇంకో పాలీపిల్‌ను వేరే బృందం మన దేశంలోనూ యూరప్‌లోనూ 2,004 మంది మీద చూసింది. విడివిడిగా మందులు రాసినవాళ్ళలో 65 శాతం క్రమం తప్పకుండా వేసుకుంటే, ఒకే బిళ్ళ ఇచ్చినవాళ్ళలో 86 శాతం వేసుకున్నారు.

2020లో యూసుఫ్ బృందం చివరి మెట్టు ఎక్కింది. 5,713 మంది, అందులో దాదాపు సగం మనవాళ్ళే. ముప్పు ఉండి ఇంకా గుండెపోటు రానివాళ్ళు. పాలీపిల్‌తో పాటు ఆస్పిరిన్ తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 31 శాతం తగ్గాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలీపిల్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంత పెద్ద ప్రయోగంలో కూడా మధ్యలో మందు మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారన్నది మర్చిపోకూడదు. ఆస్పిరిన్ రక్తస్రావం చేస్తుంది కాబట్టి గుండెపోటు రానివాళ్ళు డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదన్నదీ గుర్తుంచుకోవాలి.

బిళ్ళ తయారైంది. అది నోటిదాకా చేరడం ఎలా? పశ్చిమ గోదావరిలోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఒక ప్రయోగం చేసింది. ఆశా కార్యకర్తలకు టాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చారు. ఇంటికెళ్ళి బీపీ చూసి వివరాలు నింపితే గుండె ముప్పు ఎంతో తెర మీద కనిపిస్తుంది, ఎక్కువున్నవాళ్ళను డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆశాలు పని చక్కగా చేశారు. 2019లో ఫలితం వచ్చింది: బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 41 శాతం, 39 శాతం. ముప్పు ఉందని చెప్పడం ఒక పని, నెలనెలా మందు చేతికందడం ఇంకో పని.

అదే 2019లో యూసుఫ్ బృందం కొలంబియా, మలేషియాల్లో 30 చోట్ల హోప్-4 అనే ప్రయోగం చేసి చూపించింది. అక్కడా డాక్టరు కాని ఆరోగ్య కార్యకర్తలే, చేతిలో టాబ్లెట్ కంప్యూటరే. కానీ రెండు అదనం. బీపీ మందు, కొవ్వు మందు ఉచితంగా ఇచ్చారు. ప్రతి రోగికీ ఇంట్లోనో స్నేహితుల్లోనో ఒకరిని ఎంచి, మందు వేసుకున్నాడా లేదా చూసే బాధ్యత అప్పగించారు. ఏడాది తిరిగేసరికి బీపీ అదుపులో ఉన్నవాళ్ళు 69 శాతం. మామూలు వైద్యం అందినవాళ్ళలో 30 శాతం.

మన దగ్గర వీటిలో కొన్ని ఉన్నాయి. ఆశా, ఏఎన్ఎం ఇంటింటికీ వెళ్ళి బీపీ, షుగరు చూస్తున్నారు. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితమే, కానీ "స్టాకు లేదు, వచ్చే వారం రండి" అన్న మాట ఇంకా వినబడుతోంది. కూలి మానుకుని వచ్చిన మనిషి ఆ వచ్చే వారం రాడు. గుండెపోటుకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలోనే ఇచ్చే ఏర్పాటు ఈమధ్య మొదలైంది. అది వచ్చినవాళ్ళను బతికిస్తుంది, రాకుండా ఆపలేదు. ఇక హోప్-4లోని మూడోది, ఇంట్లో ఒక మనిషికి బాధ్యత అప్పగించడం. దానికి కొత్త పోస్టు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఏఎన్ఎం బీపీ రాసుకునేటప్పుడు రోగి పేరు పక్కన కోడలి పేరో, మనవడి పేరో, పక్కింటాయన పేరో రాసుకుని, ఏ బిళ్ళ ఎప్పుడు వేయాలో ఆ మనిషికి కూడా ఒకసారి చెప్పి, తర్వాతి నెల వచ్చినప్పుడు ముందు వాళ్ళనే అడిగితే సరిపోతుంది. మందుల సరఫరా ఆగకుండా చూస్తూ ఈ పద్ధతిని మన రెండు మూడు మండలాల్లో ఏడాదిపాటు నడిపి, లాటరీ వేసి ఎంచిన ఊళ్ళతో పోల్చి లెక్క తేల్చడానికి ఇప్పుడు ఉన్న సిబ్బంది చాలు.